మూడు అంకెల సాబ్

ఆ శుక్రవారం మధ్యాహ్నం నేను చేసిన తప్పు ఒక్క వరుసకు మించదు. సంఘం ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని సీహెచ్‌మాడ్ అని కొట్టి, లోపలి ఫైళ్లన్నిటికీ కలిపి అనే గుర్తు చేర్చి, పక్కన మూడు ఏడులు పెట్టి, డిజైన్లు దాచే ఫోల్డర్ పేరు రాసి, ఎంటర్ నొక్కాను. తెర మీద ఏమీ కనపడలేదు. ఆ ఆజ్ఞ తీరే అంత. పని జరిగిపోతే చప్పుడు చేయదు.

ఏ ఫైలును ఎవరు చూడవచ్చు, ఎవరు దిద్దవచ్చు, ఎవరు నడపవచ్చు అని కంప్యూటర్‌కు చెప్పే ఆజ్ఞ అది. మూడు ఏడులు పెడితే ఎవరైనా ఏదైనా చేసుకోవచ్చు. అట్లా పెట్టే ముందు నేను ఎవరినీ అడగలేదు. అడగవలసిన మనిషి నమాజుకు పోయి ఉన్నారు.

ఆ తప్పుకు జవాబు చెప్పింది కూడా ఆయనే. ఇప్పుడు ఆయన లేరు. నలభై రోజుల ఫాతిహా కూడా అయిపోయింది. పేరు రాయడం లేదు. ఇంటివాళ్లను అడగకుండా ఒకరి పేరు కాగితం మీద పెట్టడం ఆయనకు నచ్చే పని కాదు. మేమంతా ఆయనను సాబ్ అనేవాళ్లం. నేతగాళ్లు మాత్రం చాటుగా మూడు అంకెల సాబ్ అనేవాళ్లు.

మాది సిద్దిపేటలో గొల్లభామ చీరెలు నేసేవాళ్ల సంఘం. నెత్తి మీద కడవ పెట్టుకుని నడిచే గొల్లభామ బొమ్మ కొంగులో రావాలంటే ముందుగా దాన్ని గళ్ల కాగితం మీద గడి గడిగా నింపుకోవాలి. ఒక్కో డిజైన్‌కు నెలలు పడుతుంది. ఆ కాగితాలన్నీ చెదలు పట్టిపోతున్నాయని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. దాన్ని చూసుకోవడానికి సాబ్ వచ్చారు, డిజైన్లు ఎక్కించే పనికి నేను వచ్చాను. అంతకు ముందు సాబ్ ఎక్కడో కాలేజీ ల్యాబులో ముప్పై ఏళ్లు పనిచేశారని మాత్రం తెలుసు. మిగతాది ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

రెండు వేళ్లతోనే కొట్టేవారు. ప్రతి అక్షరాన్నీ పెదాలు కదిలిస్తూ చదువుకునేవారు. వరుస పూర్తయ్యాక రెండు చేతులూ తీసి మోకాళ్ల మీద పెట్టుకుని, కళ్లద్దాలు పైకి జరిపి, రాసింది మళ్లీ మొదటి నుంచి చదివేవారు. అప్పుడు "బిస్మిల్లా" అని చిటికెన వేలితో ఎంటర్ నొక్కేవారు. ఆయన ఒక్క ఆజ్ఞ కొట్టే లోపల నేను చాయ్ తాగి వచ్చేవాడిని. ఒకసారి ఆ మాట ఆయనతోనే అన్నాను.

"ఆహిస్తా బేటా," అన్నారు. "చాయ్ ఒలికితె తుడుస్తం. గిది ఒలికితె ఎట్ల తుడుస్తవ్?"

నాకు ఆ ఆజ్ఞ నేర్పింది ఆయనే. పుస్తకంలో ఉన్నట్టు నేర్పలేదు.

"మొదటి అంకె ఇంటోళ్లది. రెండోది సంఘపోళ్లది. మూడోది ఊరందరిది. సున్న అంటె దర్వాజ బంద్. నాలుగంటె వచ్చి చూసి పోవచ్చు. దానికి రెండు గలిపితె దిద్దొచ్చు. ఇంకొకటి గూడ గలిపితె ఏడు, ఇగ సంసారమంత నీదే."

"మూడు అంకెలూ ఏడైతె సాబ్?"

"ఇల్లు అంగట్ల పెట్టినట్టు."

ఆయన పెట్టిన పద్ధతి ఒకటుండేది. ఏ నేతగాడి డిజైన్‌కైనా అనుమతి మార్చాలంటే ఆ మనిషి స్వయంగా వచ్చి పక్కన స్టూలు మీద కూర్చోవాలి. ఫోన్లో చెప్తే కుదరదు. కొడుకును పంపితే కుదరదు. ఒకరు మగ్గం గుంటలో కూర్చుని నేస్తుంటే ఇంకొకరు పోయి పోగు బిగించే ఆ అచ్చు ముట్టరు కదా, ఇదీ అంతే అనేవారు. సెక్రటరీకి ఈ పద్ధతి అంటే ఒళ్లు మండేది.

"సాబ్, నేను సెక్రటరీని. నాకైన అన్నీ తెరిచియ్యి."

"మీరు సంఘానికి సెక్రటరీ సార్. సత్తయ్య మగ్గానికి కాదు."

"చూస్తె అరిగిపోతదా ఫైలు?"

"ఫైలు అరగదు సార్. సత్తయ్య మనసు అరుగుతది. పిల్వున్రి, వచ్చి కూసోమనున్రి. ఆయన ఊ అంటె అరనిమిషం పని."

"నీతోని కంటె గవర్నమెంట్ దఫ్తర్ల పని జల్ది అయితది," అని సెక్రటరీ నవ్వి పోయేవాడు. ఆ నవ్వు పళ్ల వరకే ఉండేది.

సత్తయ్య వచ్చేవాడు. నేత మధ్యలో లేచి వచ్చిన విసుగు మొహం నిండా ఉండేది. సాబ్ తెర ఆయన వైపు తిప్పి చెప్పేవారు. "సత్తయ్యా, నీ నెమలి. నీకు దిద్దుడు, సంఘానికి చూసుడు, బయటోళ్లకు సున్న. సరేనా?"

"సరే సాబ్."

"మల్లొక్కసారి చెప్పు."

"సరే అన్న గద. గిదేమన్న పెండ్లి మంత్రమా?"

"మా నిఖాల మూడుసార్లు అడుగుతరు సత్తయ్యా. నేను రెండుసార్లే అడుగుతున్న, సంతోషపడు."

గది అంతా నవ్వేది. సాబ్ నవ్వకుండా చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వరుస చదువుకుంటూ ఉండేవారు.

ఇది ఒక్క కంప్యూటర్ దగ్గరే అనుకునేరు. ఎవరైనా ఫోన్ చేతికిచ్చి మనుమరాలి ఫొటో చూడమంటే ఆ ఒక్క ఫొటో చూసి, వేలు తెరకు తగలకుండా అంచులు పట్టుకుని తిరిగి ఇచ్చేవారు. పక్క ఫొటోకు జరపడం నేను ఎన్నడూ చూడలేదు. ఒకసారి ఏదో కాగితం కోసం నన్ను వాళ్లింటికి తీసుకుపోయారు. తన సొంత ఇంటి గడప దగ్గర ఆగి, గట్టిగా దగ్గి, లోపలి నుంచి చాచీ, అంటే ఆయన భార్య, "ఆజావ్" అన్నాకనే చెప్పులు విడిచారు.

"మీ ఇల్లే గద సాబ్?"

"ఇల్లు నాదే. ఇప్పుడు లోపల ఆమె ఉన్నది."

అమానత్ అనే మాట ఎక్కువ వాడేవారు. ఒకరు నమ్మి దాచమని చేతిలో పెట్టిన వస్తువు అని దాని అర్థం. శుక్రవారం ఆయన నమాజుకు పోయినప్పుడు కరెంటు పోతే కంప్యూటర్‌ను పద్ధతిగా ఆపాలని నాకు పెద్ద పాస్‌వర్డ్ చెప్పారు. ఆ పాస్‌వర్డ్ ఉంటే ఏ తలుపైనా తెరుచుకుంటుంది. చెవిలో చెప్పి, "అమానత్ బేటా," అన్నారు. నేను తల ఊపాను. ఆ తల ఊపడం తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గు.

మా సంఘంలో యాదమ్మ అని ఒక నేతగత్తె ఉంది. అందరికీ యాదక్క. భర్త భీవండీలో సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనికి పోతే ఇక్కడ మగ్గం ఆమెదే. ఎప్పుడూ అందరూ నేసే గొల్లభామే కాకుండా ఆమె కొత్తది ఒకటి చేసింది. నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి చూసే భామ. కొంగు అంచులో ఆమె వెంట పరుగెత్తి వచ్చే లేగదూడ. ఆ మెడ తిరగడానికే నాలుగు నెలలు గళ్లు నింపి చెరిపింది. చీరె ఇంకా మగ్గం మీదికి పోలేదు. ఆ ఫైలుకు సాబ్ ఆమెను కూర్చోబెట్టుకుని పెట్టిన అంకెలు ఆరు, సున్న, సున్న. ఆమె తప్ప ఇంకెవరూ చూడరాదు. చివరికి సంఘం కూడా.

ఆ శుక్రవారం బయట నుంచి చీరెల ప్రదర్శన పెట్టేవాళ్లు కొందరు వచ్చారు. లాప్‌టాప్‌లు పెట్టుకుని మా ఆఫీసు వైఫైలోనే పని చేసుకుంటున్నారు. ఆ వైఫైలో ఉన్న ఎవరికైనా మా ఫోల్డర్ కనపడుతుంది, లోపలికి పోనివ్వకుండా ఆపేది ఆ అంకెలే. సెక్రటరీ నా కుర్చీ వెనుక నిలబడి, పన్నెండు డిజైన్లు పెన్‌డ్రైవ్‌లో కావాలన్నాడు. నేను తెరవబోతే ప్రతిదానికీ అనుమతి లేదు, అనుమతి లేదు అని వచ్చింది. సాబ్ ఆ నేతగాళ్లందరినీ మరునాడు పొద్దున రమ్మన్నారని చెప్పాను.

"రేపా? వాళ్లు సాయంత్రం పోతున్నరు. నీకు పాస్‌వర్డ్ తెల్సట గద?"

"సాబ్ వచ్చినంక..."

"సాబ్ వచ్చినంకనైతె ఆయనతోనే చేపిచ్చుకుంట. నువ్వెందుకు మరి గీడ?"

నన్ను పర్మనెంట్ చేసే కాగితం సెక్రటరీ టేబుల్ మీదనే ఉంది. మా బాపు భీవండీ నుంచి దగ్గుతో తిరిగి వచ్చి ఇంట్లో పడుకుని ఉన్నాడు. ఇవి సాకులని నాకు తెలుసు. ఆ రోజు మాత్రం కారణాల లాగా కనపడ్డాయి. ఒక్కొక్క ఫైలుకు పెడితే ఆలస్యమని మొత్తం ఫోల్డర్‌కే మూడు ఏడులు పెట్టాను. పెన్‌డ్రైవ్ నిండింది. ఆ పన్నెండింటిలో యాదక్కది లేదు. సెక్రటరీ భుజం తట్టాడు.

అక్కడితో ఆపి ఉంటే తప్పు చిన్నదయ్యేది. అసలు తప్పు ఆ తర్వాతది. మళ్లీ మూయడం కూడా ఒక్క వరుస పనే. కానీ దేనికి ముందు ఏ అంకె ఉండెనో నేను రాసి పెట్టుకోలేదు. అన్నిటినీ ఒకే తీరు మూస్తే సంఘమంతా చూసుకునే ఫైళ్లు కూడా మూతపడతాయి. ఎవరో ఒకరు సాబ్‌ను అడుగుతారు, నేను దొరికిపోతాను. అందుకని తెరిచే ఉంచాను. సాబ్ నమాజు నుంచి వచ్చి తలకు కట్టిన రుమాలు విప్పుతూ, "కరెంటు పోయెనా?" అని అడిగారు. "పోలే సాబ్," అన్నాను. నిజమే చెప్పాను.

అనుకున్నదానికంటే ముందే పోవలసి వస్తోందని ఆ సాయంత్రం కబురు వచ్చి, మరునాటి నుంచి ఆయన వారం రోజులు సెలవు పెట్టారు. చాచీకి హైదరాబాదులో కంటి ఆపరేషన్. రావలసిన నేతగాళ్లకు పని అయిపోయిందని నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆ వారమంతా ఆ ఇల్లు అంగట్లోనే ఉంది.

ఆయన తిరిగి వచ్చిన రోజు పొద్దున నేను ఆఫీసుకు వచ్చేసరికి తెర ముందు కూర్చుని ఉన్నారు. చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. తెర నిండా వరుసలు వరుసలుగా ఏడులే.

"బేటా, నా ఎనుక ఎవలన్న గిది ముట్టిన్రా?"

"తెల్వది సాబ్," అన్నాను. అక్కడ కూడా ఆగలేదు. "పోయే తొందరల మీరే ఏమన్న మర్శిపోయిన్రేమో."

ఆయన నా వైపు చూశారు. ఎంతసేపు చూశారో చెప్పలేను. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "అయ్యుండొచ్చు," అన్నారు. ఆ తర్వాత పదిహేను రోజులు ఒక్కొక్క నేతగాణ్ని పిలిచి, పక్కన కూర్చోబెట్టి, ప్రతి ఫైలుకూ మళ్లీ అంకెలు పెట్టారు. మళ్లీ ఎందుకని వాళ్లు విసుక్కుంటుంటే, "నాదే పొరపాటు, మర్శిపోయిన," అని ప్రతి ఒక్కరికీ చెప్పారు. నేను పక్క టేబుల్ దగ్గర కూర్చుని విన్నాను.

రెండు నెలలకు బజారులోకి ప్రింటు చీరెలు వచ్చాయి. చవకవి. కొంగు మీద వెనక్కి తిరిగి చూసే భామ, వెంట లేగదూడ. యాదక్క మగ్గం మీద మొదటి చీరె ఇంకా సగం కూడా కాలేదు.

ఆమె ఆ ప్రింటు చీరె ఒకటి చేత పట్టుకుని నేరుగా సంఘం మీటింగులోకి వచ్చింది. అరవలేదు. చీరెను సాబ్ ముందు టేబుల్ మీద పరిచింది.

"నేను తప్ప ఎవలు చూడరంటివి గద సాబ్. గిదెవలు చూసిన్రు?"

సాబ్ ఆ బొమ్మ మెడ మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు.

"ఏమనుకోకు యాదమ్మా. సాబ్‌కు వయసైంది. ఆపరేషన్‌కు పోయేటప్పుడు అన్ని తెరిచిపెట్టి పోయిండు. మర్శిపోయిండు."

నేను అక్కడే ఉన్నాను. సాబ్‌కు మూడు కుర్చీల అవతల. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు.

"తాళం నా దగ్గర ఉండె తల్లీ," అన్నారు. "జవాబు నాది."

యాదక్క చీరె అక్కడే వదిలేసి పోయింది. సాబ్ జేబులో నుంచి తాళంచెవులు తీసి టేబుల్ మీద పెట్టి, ఇక రానని చెప్పారు. ఎవరూ ఉండమనలేదు.

నేను కింద దాకా వెంట పోయాను. ఆయన మోపెడ్ స్టాండు తీస్తున్నారు.

"సాబ్..."

"మిషన్ల రాసున్నది బేటా. ఎవలు, ఏ దినం, ఎన్ని గంటలకు, ఏం కొట్టిన్రు, అన్ని అదే రాసుకుంటది. నేను వచ్చిన పొద్దే చదివిన."

నేను బండి హ్యాండిల్ పట్టుకున్నాను. "మరి పైన ఎందుకు చెప్పకపోతిరి?"

"నువ్వు ఆడనే కూసున్నవ్ గద. నోరు నీది. నేనెట్ల తెరుస్త?"

కోపంగా అనలేదు. సత్తయ్యకు చెప్పినట్టే చెప్పారు. బండి స్టార్ట్ చేసి, ఒక అడుగు పోయి, ఆగి, "పాస్‌వర్డ్ మార్చుకో," అని వెళ్లిపోయారు.

నెల తిరగకుండా నన్ను పర్మనెంట్ చేశారు. ఆయన కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాను. ఊళ్లో మాట పాకింది. సాబ్‌కు మతిమరుపు పట్టిందట. ఒక స్కూల్లో పిల్లలకు కంప్యూటర్ చెప్తానని అడిగితే, మర్చిపోతాడట అని వద్దన్నారని విన్నాను. విని ఊరుకున్నాను.

రెండేళ్లలో ఆయన నాకు ఒక్కసారే ఎదురయ్యారు, కోమటిచెరువు కట్ట మీద. నేను చూడనట్టు పక్కకు తిరిగాను. ఆయనే పిలిచారు.

"బాగున్నవా బేటా? బాపుకు దగ్గు తగ్గెనా?"

"తగ్గింది సాబ్. బండేది, నడుస్తున్నరు?"

"నడిస్తె మంచిదంటున్నరు." కొంచెం ఆగి అడిగారు. "యాదమ్మ ఫైలుకు ఏం పెట్టినవ్?"

"ఆరు, సున్న, సున్న."

"షాబాష్," అన్నారు. ఆ మాట మనసులో నుంచే వచ్చింది. అదే నన్ను ఎక్కువ కాల్చింది. నేను చెప్పనిది ఇంకొకటి ఉంది. ఆ ఫైలులోకి యాదక్క మళ్లీ ఎన్నడూ రాలేదు. కొత్త డిజైన్లు కాగితం మీదనే వేసి పెట్టెలో పెట్టుకుంటోంది.

ఆయన పోయిన కబురు ఫోన్లో వచ్చింది. పొద్దున ఫజర్ నమాజుకు లేచి, మొహం కడుక్కుంటూ అట్లాగే కూర్చుండిపోయారట. ఖబరస్తాన్‌కు పోయాను. మట్టి వేయడానికి నా వంతు వచ్చినప్పుడు నేనూ మూడు పిడికిళ్లు వేశాను. పక్కన ఎవరో పెద్దాయన ఇంకొకాయనతో అంటున్నాడు.

"నేక్ ఆద్మీ. మంచి మనిషి. ఆఖరుకు దిమాక్ పనిచెయ్యకపాయె, పాపం."

ఆ మాట నాది. నేను కల్పించింది. ఆయన మీద ఆఖరి పిడికిలి మట్టిలాగా దాన్నే వేసి పూడ్చేస్తున్నారు. అక్కడ కూడా నేను నోరు తెరవలేదు. చేతులు దులుపుకుని ఇంటికి వచ్చాను.

మరునాడు పొద్దున యాదక్క ఇంటికి పోయాను. ఆమె నేస్తోంది. గడప దగ్గరే నిలబడి మొత్తం చెప్పాను. పోగు లాగే నాడె అటూ ఇటూ పోతూనే ఉంది. చెప్పడం అయిపోయాక కూడా రెండు మూడు పోగులు వేసింది. తర్వాత ఆగింది.

"రెండేండ్లు ఆయన ఎదురైతె నేను మొగం తిప్పుకున్న," అంది. "ఆయనే నమస్తె యాదమ్మా అనెటోడు. నేను పలికేదాన్ని గాదు. ఇప్పుడు నేను ఏడికి పోయి పలుకాలె?"

"తప్పైంది అక్కా."

"అక్కా అనకు. పో. మీటింగుల చెప్పు. నాకొక్కదానికి చెప్పి చేతులు కడుక్కుంటవా?"

ఆ నెల మీటింగులో లేచి చెప్పాను. ఆ శుక్రవారం నా పేరు మీద కంప్యూటర్ రాసుకున్న వరుసను కాగితం మీద తీసి తీసుకుపోయాను. సెక్రటరీ మొహం ఎర్రబడింది.

"సచ్చినోళ్ల సంగతి గిప్పుడెందుకు తవ్వుతవ్?"

"మీరు అడిగిన్రు, నేను తెరిచిన," అన్నాను. "మూయకుండ ఉంచింది మాత్రం నేనొక్కణ్నే. మర్శిపోయిన్రేమో అని మొదట అన్నది గూడ నేనే."

వెనుక నుంచి సత్తయ్య లేచి, "థూ," అన్నాడు. ఒక్క అక్షరం. అది నాకు రావలసిందే. మీటింగు పుస్తకంలో సాబ్ తప్పేమీ లేదని రాయించి, అందరి చేతా సంతకాలు పెట్టించింది యాదక్కే. పెద్ద పాస్‌వర్డ్ నా నుంచి తీసుకున్నారు. నేను ఇచ్చేశాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో ఇంకా చెప్పలేదు.

ఆ పేజీ నకలు పట్టుకుని చాచీ దగ్గరికి పోయాను. ఆమె ఇద్దత్‌లో ఉంది, భర్త పోయినామె పరాయి మగవాళ్లకు కనపడని నెలలవి, పరదా అవతల కూర్చుని విన్నది. నేను చివరి దాకా చదివాను.

"నేను ఆయన బండి తాళాలు దాచిన," అంది. "ఏడనన్న తొవ్వ మర్శిపోతడని. మూడుసార్లు దవాఖానకు తోల్కపోయిన. తలకాయకు స్కాన్ తీపిచ్చిన. అంత బరాబర్ ఉన్నదమ్మా అన్నడు డాక్టరు. నేను నమ్మలే. డాక్టరు మాట నమ్మలే, ఊరి మాట నమ్మిన."

"సాబ్ మీకు గూడ చెప్పలేదా చాచీ?"

"నేను మర్శిపోలే అని ఒక్కటే అన్నడు. ఒక్కసారే. మర్శిపోయినోళ్లందరు గట్లనే అంటరు అన్న నేను."

ఆమె ఏడ్చింది. నేను ఏం చేయాలో తెలియక కాగితం మడిచి, విప్పి, మళ్లీ మడిచాను. క్షమించమని అడగలేకపోయాను. అడిగితే ఆమె మీద ఇంకో బరువు పెట్టినట్టే అనిపించింది.

కొంతసేపటికి ఆమె గొంతు మారింది.

"మసీదు ఎదురుంగ చాయ్ హోటల్ ఉన్నది చూడు. సాయంత్రం అసర్ నమాజైనంక ఆయన దోస్తులు ఆడ కూసుంటరు, నలుగురు. ఆయనను భులక్కడ్, భులక్కడ్ అని, మతిమరుపోడని పిల్సెటోళ్లు. నవ్వులాటకే. ఈయన ఇంటికొచ్చి అన్నం తినకుండ పండెటోడు. నాకు చెప్పినట్టే గాడ చెప్పు. సంఘం కాగితం వాళ్లకు తెల్వది, నీ నోటితోని చెప్పు."

"ఇయ్యాలనే పోత చాచీ."

అసర్ అయ్యేదాకా మసీదు ఎదురుగా రోడ్డుకు ఇవతల నిలబడ్డాను. నలుగురు ముసలివాళ్లు వచ్చి గోడవారన బల్ల మీద కూర్చున్నారు. ఐదుగురు పట్టే బల్ల అది. నేను పోయి ఎదురుగా నిలబడి సలాం చెప్పి, సంఘంలో సాబ్ దగ్గర పనిచేసినవాణ్ని అన్నాను. కూర్చోమని జాగ ఇచ్చారు. కూర్చున్నాను. నాకూ చాయ్ చెప్పారు. అది రాకముందే మొదలుపెట్టాను. సాబ్ ఏమీ మర్చిపోలేదని, తెరిచింది నేనని, అడిగితే అబద్ధం చెప్పింది నేనని, మతిమరుపు మాట నా నోట్లో నుంచే పుట్టిందని, ఆయనకు అదంతా తెలిసీ నా పేరు బయటపెట్టలేదని చెప్పాను.

ఒకాయన చేతిలోని సాసర్ అట్లాగే ఆగిపోయింది. ఇంకొకాయన "యా అల్లా" అని గడ్డం పట్టుకున్నాడు. మూడో ఆయన, "మేం ఎంత నవ్వినం రా ఆయనను," అని పక్కకు తిరిగాడు. కొస మీద కూర్చున్న నాలుగో ఆయన, అందరికంటే పెద్దవాడు, మా అందరి మొహాలూ చూస్తూ, "క్యా బోల్రా? ఏమంటుండు?" అని అడుగుతున్నాడు.

"ఈయనకు చెవులు ఇనరావు," అన్నాడు సాసర్ పట్టుకున్నాయన. "భులక్కడ్ అని పేరు పెట్టింది ఈయనే. గట్టిగ చెప్పాలె."

పక్క బల్లలవాళ్లు అప్పటికే మా వైపు తిరిగారు. గల్లా దగ్గర హోటల్ ఆయన చూస్తున్నాడు. నేను లేచి నిలబడి, మొదటి నుంచి, హోటల్ అంతా వినేటట్టు మళ్లీ చెప్పాను.